ఒంటి ఇంజనా, జంట ఇంజన్లా?

మా ఫిల్మ్ నగర్‌లో దొరకని వస్తువంటూ లేదు. రాజుగారి సింహాసనం అద్దెకు దొరుకుతుంది, పోలీసు స్టేషన్ బోర్డు దొరుకుతుంది, ఎండాకాలంలో వాన కావాలన్నా ట్యాంకరు లెక్కన దొరుకుతుంది. దొరకనిదల్లా సముద్రం. జూబిలీ హిల్స్ బండరాళ్ళ మీద నిలబడి ఎంత తొంగిచూసినా కనబడేది దుర్గం చెరువే. అసలు సముద్రం చూడాలంటే రోడ్డు మీద మూడువందల కిలోమీటర్లకు పైగా పోవాలి. అయినా జాలర్ల కథలకు ఇక్కడ లోటు లేదు. 2021లో వచ్చిన "ఉప్పెన" జాలరి పల్లె కథ. 2018లో గుజరాత్ తీరంలో వేటాడుతూ పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం జిల్లా జాలర్ల ఉదంతం ఆధారంగా 2025లో "తండేల్" వచ్చింది. సినిమాలో పడవ ఇంజను కథకు అవసరమైతేనే ఆగుతుంది. సముద్రంలో దానికి కథతో పని లేదు. ఎప్పుడు ఆగాలనిపిస్తే అప్పుడు ఆగుతుంది.

ఈ సంగతి నాకు చెప్పినవాడు మా మేనమామ. భీమిలి పక్కన పల్లె ఆయనది. ఆయన కొడుకు ఫిల్మ్ నగర్‌లో సెట్టు వడ్రంగి. వాడి గదిలో ఉంటూనే నేను మన కాలేజీకి వస్తున్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అరవై ఒక్క రోజులు, మర పడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. ఆ ఖాళీలో మావయ్య కొడుకును చూడ్డానికి వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో రెండు ఇంజన్ల బొమ్మల కాగితాలు.

"ఒరే అల్లుడూ, ఇంజినీరింగు సదువుతున్నావు గదా. ఇరవై హార్స్ పవర్‌ది ఒకటి కొనమంటావా, పదివి రెండు కొనమంటావా? అప్పు సేసి కొంటన్నాను, సూసి సెప్పు" అన్నాడు.

మూడేళ్ళుగా థర్మోడైనమిక్సు చదువుతున్నాను. నన్నెవరూ ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నకు నేను చెప్పిన తప్పు జవాబూ, తరువాత దిద్దుకున్న జవాబూ మన విద్యార్థి మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఔట్‌బోర్డు అంటే ఏమిటి?

పడవకు ముందు భాగాన్ని అణియం అంటారు, వెనక భాగాన్ని అమరం అంటారు. అమరానికి బయట బిగించే ఇంజనే ఔట్‌బోర్డు. పైన ఇంజను, నడుమ నిలువు ఇరుసు, కింద నీళ్ళలో గేర్లూ ప్రొపెల్లరూ, అన్నీ ఒకే కట్టలో ఉంటాయి. వేరే చుక్కాని అక్కర్లేదు, ఇంజనునే అటూ ఇటూ తిప్పితే పడవ తిరుగుతుంది. ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట దాన్ని పైకి ఎత్తేయవచ్చు. రేవు లేని ఇసుక దరికి పడవను లాగే మన జాలర్లకు అది పెద్ద సౌకర్యం. అమెరికాలోని మిల్వాకీలో ఓలె ఎవిన్రూడ్ అనే ఆయన 1909లో ఇలాంటి ఇంజన్ల అమ్మకం మొదలుపెట్టి దీనికి ప్రచారం తెచ్చాడు. ఎండలో తెడ్డు వేసుకుంటూ పోయి తెచ్చిన ఐస్‌క్రీము దారిలోనే కరిగిపోవడంతో ఆయనకీ ఆలోచన పుట్టిందని చెప్పుకుంటారు. ఆ పేరుతో ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది గాని, ఆ పద్ధతి ప్రపంచమంతా నిలిచింది.

వేగం లెక్క

మావయ్య పడవ ఇరవయ్యారు అడుగుల ఫైబరుది. నీటి మీద ఆనే పొడవు ఇరవైనాలుగు అడుగులు, అంటే 7.3 మీటర్లు. పడవ, వల, ఐసు, ఐదుగురు మనుషులు, వచ్చేటప్పుడు చేపలు, అన్నీ కలిపి రెండు టన్నులు అనుకున్నాం.

బరువైన పడవ నీటిని చీల్చుకుంటూ పోతుంది. పోయేకొద్దీ తన ముందు ఒక అలను తానే పుట్టించుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ ఆ అల పొడవవుతుంది. అల పొడవూ పడవ పొడవూ సమానమైన చోట పడవ తన అల గుంటలో తానే ఇరుక్కుంటుంది. ఆ వేగం కట్టడానికి ఒక సులువైన సూత్రం ఉంది. నీటి మీది పొడవును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, నాలుగున్నరతో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 7.3కు వర్గమూలం 2.7. నాలుగున్నరతో గుణిస్తే దాదాపు పన్నెండు. అంటే మావయ్య పడవ నిండు బరువుతో గంటకు పన్నెండు కిలోమీటర్లకు మించి హాయిగా పోదు.

మించాలంటే పడవ గుంటలోంచి ఎగబాకి నీటిపైన జారాలి. దానికి మోటు లెక్కన ప్రతి ఇరవై కిలోలకు ఒక అశ్వశక్తి కావాలి. రెండు టన్నులకు వంద అశ్వశక్తి! ఇరవైతో ఆ ముచ్చట తీరదు. కనుక ఒకటి ఇరవై కొన్నా, రెండు పదులు కొన్నా వేగంలో తేడా లేదు. "జంట ఇంజన్లు పెడితే రెట్టింపు పరుగు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఇలాంటి పడవకు కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. తిప్పి చెబితే, శక్తి సగమైతే వేగం సగం కాదు. సగానికి ఘనమూలం 0.79. పన్నెండు కిలోమీటర్ల వేగం తొమ్మిదిన్నర అవుతుంది, అంతే. రెండు ఇంజన్లలో ఒకటి చచ్చిపోయినా పోయేది ఐదో వంతు వేగమే! ఈ మాట చెప్పగానే మావయ్య సంచిలోంచి బీడీ కట్ట తీశాడు. అంటే వింటున్నాడన్నమాట.

ఇంధనం లెక్క కూడా చూడండి. నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను పూర్తి జోరులో ఒక్కో అశ్వశక్తికి గంటకు సుమారు 0.3 లీటరు తాగుతుంది. పది అశ్వశక్తికి గంటకు మూడు లీటర్లు. వేట చోటు ఇరవై కిలోమీటర్లు అనుకుంటే, రెండు ఇంజన్లూ వేసుకుని పోతే గంటా నలభై నిమిషాలు, పది లీటర్లు. ఒకదాని మీద పోతే రెండు గంటల ఆరు నిమిషాలు, ఆరున్నర లీటర్ల లోపు. ఇరవయ్యారు నిమిషాలు ఓర్చుకుంటే పోనూ రానూ రోజుకు ఏడు లీటర్లు మిగులుతాయి. వాతావరణం బాగున్నప్పుడు ఒకటి వాడి, రెండోదాన్ని నీళ్ళలోంచి ఎత్తి ఉంచాలి. ఎత్తకపోతే ఆగిన ప్రొపెల్లరు నీళ్ళలో తెడ్డు అడ్డం పెట్టినట్టు వెనక్కి లాగుతుంది.

నా తప్పు జవాబు

అంతవరకు బాగానే ఉంది. ఆ తరువాత సంభావ్యత మొదలుపెట్టాను. ఒక ఇంజను నూరు వేటలకు ఒకసారి మొరాయిస్తుందనుకుందాం. రెండూ ఒకే రోజు మొరాయించే అవకాశం నూరును నూరుతో గుణించినంత, అంటే పదివేల వేటలకు ఒకసారి. ఏడాదికి రెండువందల వేటలు వేసినా యాభై ఏళ్ళకు ఒకసారి. "నీ జన్మలో రాదు మావయ్యా. పదివి రెండు కొను. ఇద్దరికీ ఒకటే పెద్ద పెట్రోలు ట్యాంకు పెట్టించు, చవకలో పోతుంది" అన్నాను. కాగితం మీద అంకెలు ముచ్చటగా కనిపించాయి.

అప్పుడు మా కింది గదిలో ఉండే జనరేటర్ వ్యాన్ ఆపరేటర్ మెట్ల మీద కూచుని వింటున్నాడు. షూటింగు యూనిట్లకు కరెంటు ఇచ్చే వ్యాను ఆయనది. "తమ్ముడూ, ఒక నైట్ షూటింగులో మాకు రెండు జనరేటర్లున్నయ్. రెండిట్లోనూ ఒకే డ్రమ్ము డీజిలు పోసినం. పావుగంట తేడాలో రెండూ పోయినయ్. డ్రమ్ము అడుగున నీళ్ళు" అన్నాడు.

నేను మావయ్య వైపు తిరిగి, మొదటే అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాను. "పోయిన కార్తీకంలో నీ ఇంజను ఆగింది దేనికి?"

ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. సాయంత్రం ఆగిన ఇంజను రాత్రంతా అందుకోలేదు. ఆ నెలల్లో మన తీరం వెంబడి సముద్రపు ప్రవాహం దక్షిణానికి పోతుంది. గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున కొట్టుకుపోయినా పన్నెండు గంటల్లో ఇరవైనాలుగు కిలోమీటర్లు. అంత చీకట్లో ఎవరు ఎక్కడని వెతుకుతారు? తెల్లవారాక వేరే ఊరి పడవవాళ్ళు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ రాత్రి మా అత్త ఒడ్డున కూచునే ఉందట.

మావయ్య కాసేపు ఊరుకుని, "పెట్రోల్లో నీల్లు పడ్డాయిరా. డబ్బా మూత సరిగ్గా పట్టలేదు" అన్నాడు.

అంటే, నేను చెప్పినట్టు రెండు ఇంజన్లు కొని ఒకే ట్యాంకు పెట్టి ఉంటే, ఆ రాత్రి రెండూ ఆగి ఉండేవి. అప్పు రెట్టింపు, ఫలితం మాత్రం అదే.

నూరును నూరుతో గుణించడానికి ఒక షరతుంది. రెండు సంఘటనలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఈ షరతు మన పాఠ్యపుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది. పరీక్షలో రాస్తాం, బయటికొచ్చి మరిచిపోతాం. పెట్రోలు చెడిపోవడం అయిదువందల వేటలకు ఒకసారి జరుగుతుందనుకోండి. అప్పుడు పదివేల వేటల్లో రెండు ఇంజన్లూ విడివిడి కారణాలతో ఒకేసారి ఆగేది ఒక్కసారి, ఉమ్మడి పెట్రోలు వల్ల ఆగేది ఇరవైసార్లు. ఆ ఒక్కసారిని చూసి నేను మురిసిపోయాను, ఇరవైని చూడలేదు.

పెద్దవాళ్ళకూ ఈ పొరపాటు తప్పలేదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానంలో ఇంధనం కొలిచేటప్పుడు కిలోలకు బదులు పౌండ్ల లెక్క వాడారు. కావలసినదాంట్లో సగం కూడా పొయ్యలేదు. ఆకాశంలో మొదట ఒక ఇంజను, కాసేపటికి రెండోది ఆగాయి. పైలట్ నేర్పు వల్ల గిమ్లీ అనే చోట పాత విమానాశ్రయంలో ఇంజన్లు లేకుండానే దించారు, ప్రాణాలు దక్కాయి. ఆ రోజు రెండు ఇంజన్లలోనూ ఏ లోపమూ లేదు. రెంటికీ పోసిన లెక్క ఒక్కటే, ఆ లెక్కే తప్పు.

ఏది రెండు, ఏది ఒకటి?

అప్పటినుంచి ముగ్గురం కలిసి ఒక జాబితా రాశాం. ఇంజనుకు వెనక ఏమేమున్నాయి, వాటిలో ఏది రెండు కావాలి అని.

మొదటిది ట్యాంకు. ఒక్కో ఇంజనుకు ఒక్కో డబ్బా, ఒక్కో గొట్టం, నీటిని వేరుచేసే ఫిల్టరు ఒక్కోటి. అడుగున గాజులా కనబడే గిన్నె ఉన్న ఫిల్టరైతే నీరు దిగిందో లేదో కంటికి తెలుస్తుంది. పెట్రోలు నీటికన్నా తేలిక, నీరెప్పుడూ అడుక్కే చేరుతుంది. రెండు డబ్బాలూ ఒకే రోజు ఒకే చోట నింపకూడదు. ఒకటి నిన్నటిది, నిన్న వాడి చూసినది అయి ఉండాలి.

రెండోది పరిమాణం. ఒక పెద్ద ఇరవై, పక్కన చిన్న ఐదు పెడితే కాదా అని నేనన్నాను. లెక్క ప్రకారం ఐదు అశ్వశక్తితో గంటకు ఏడున్నర కిలోమీటర్లు పోవాలి. "గాలి ఎదురొస్తే?" అన్నాడు మావయ్య. నా లెక్కంతా గాలి లేని సముద్రానిది. ఎదురుగాలిలో, ఎదురు ప్రవాహంలో ఐదు అశ్వశక్తి పడవను ఉన్నచోట నిలబెడితే గొప్ప. కనుక ఏ ఒక్క ఇంజనైనా నిండు పడవను ఎదురుగాలిలో ఇంటికి తేగలిగి ఉండాలి. అలా తేలేని రెండో ఇంజను ఎదురుగాలి రోజున ఉత్త బరువే.

మూడోది ప్రొపెల్లరు. మరమేకు ఒక చుట్టుకు ఎంత దిగుతుందో, ప్రొపెల్లరు ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో దాన్ని పిచ్ అంటారు. ఎక్కువ పిచ్ తేలిక పడవల పరుగు కోసం. బరువు లాగే పడవకు అది పెడితే, ఎద్దును ఎత్తు మీద నాలుగో గేరులో తోలినట్టే. ఇంజను తిరగాల్సిన చుట్లు తిరగలేక వేడెక్కుతుంది. ఒంటి ఇంజను మీద పోయేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. తక్కువ పిచ్, వెడల్పు రెక్కలు అడగాలి.

నాలుగోది నిలువు ఇరుసు పొడవు. పొట్టివి సుమారు 38 సెంటీమీటర్లు, పొడుగువి 51. ఒక్క ఇంజనైతే పడవ నడుమ ఉంటుంది. జంటైతే చెరో పక్కన, ఒకదానికొకటి 65 సెంటీమీటర్ల ఎడంగా బిగిస్తారు. పడవ పక్కకు ఒరిగినప్పుడు పైకి లేచిన వైపు ప్రొపెల్లరు గాలిలో గిలగిల్లాడుతుంది. జంటకు పొడుగు ఇరుసే మంచిది, అమరం ఎత్తును కొలిచి మరీ కొనాలి.

ఐదోది బరువు. ఇరవై అశ్వశక్తిది ఒకటి సుమారు యాభై కిలోలు ఉంటుంది. పదివి రెండైతే ఎనభై. ఆ ముప్ఫై కిలోల తేడా అమరం మీదే పడుతుంది. ఒడ్డుకు వచ్చేటప్పుడు వెనక నుంచి కెరటం ఎక్కే చోటు కూడా అదే. ఈ సంగతి నాకు తోచలేదు. మావయ్యే చెప్పి, ఐసు పెట్టెను అణియం వైపు జరపాలన్నాడు.

ఆరోది విడి భాగాలు. ఒకే రకం రెండు కొంటే ఒకదాని ప్లగ్గు, ఒకదాని నీటి పంపు రెక్క రెండోదానికి పనికొస్తుంది. ఒకటి పూర్తిగా పోతే దాన్ని విప్పి రెండోదాన్ని బతికించుకోవచ్చు. వేరువేరు రకాలైతే ఒకే లోపం రెంటికీ ఉండదన్న లాభం ఉంది గాని, పల్లెలో మెకానిక్కు రెండు విద్యలు నేర్వాలి. మావయ్య ఒకే రకానికి మొగ్గాడు.

ఇక జంట వల్ల వచ్చే నష్టం కూడా చెప్పాలి. నూరుకు ఒకసారి మొరాయించే ఇంజన్లు రెండుంటే, ఏదో ఒకటి మొరాయించే రోజులు నూరుకు దాదాపు రెండు. అంటే మరమ్మతు ఖర్చు రెట్టింపు, ఉప్పు కడగాల్సిన పని రెట్టింపు. రోజూ ఒడ్డుకు రాగానే మంచినీటితో రెంటినీ లోపలిదాకా కడగాలి. రోజు విడిచి రోజు వంతులు మార్చి వాడాలి. బయల్దేరే ముందు ఒడ్డునే రెండూ స్టార్టు చేసి చూడాలి. వాడకుండా మూలన పెట్టిన రెండో ఇంజను అవసరానికి పలకదు. ఈ శ్రమ పడలేనివాడు ఒకటే కొని, దాన్ని ప్రాణంలా చూసుకుంటే మేలు.

సముద్రం లేని ఊళ్ళో సముద్రం

చివరగా ఇంకో ముచ్చట. సముద్రం లేని మన హైదరాబాదులోనే సముద్రం లెక్కలు కట్టే సంస్థ ఉంది. ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ 1999 నుంచి పనిచేస్తున్నది. అలలు ఎంత ఎత్తు వస్తాయో, గాలి ఎటు వీస్తుందో, చేపలు ఎక్కడ చేరే అవకాశముందో జాలర్లకు చెబుతుంది. ఆపదలో తీర రక్షక దళాన్ని పిలవడానికి 1554 అనే ఫోను నంబరు ఉంది. ఫోను అందనంత లోపలికి పోయేవారి కోసం ఇస్రో తయారుచేసిన పరికరం ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపుతుంది. రెండో ఇంజను కొనడానికి చేసే అప్పులో కొంత మిగిల్చి, లైఫ్ జాకెట్లు ఐదు, లంగరు తాడు పొడుగుది, రెండు తెడ్లు కొనమని చెప్పాం. ఏ ఇంజనూ పలకని రోజున లంగరు పట్టిన పడవ ఉన్నచోటే ఉంటుంది, వెతికేవాళ్ళకు దొరుకుతుంది.

మావయ్య పదివి రెండు, డబ్బాలు రెండు, ఫిల్టర్లు రెండు కొన్నాడు. డబ్బా మూతలు మాత్రం కొత్తవి నాలుగు కొన్నాడట. నిషేధం ఎత్తేశాక మొదటి వేట నుంచి వచ్చి ఫోను చేశాడు. "వొచ్చేటప్పుడు ఒకదాన్ని కావాలని ఆపేసి సూశానురా. రెండోది తెచ్చీసింది. మీ అత్తకి సెప్పాను, ఇక ఒడ్డున కూకోకే అని."

"ఏమంది?" అన్నాను.

"కూకుంటానంది."

మిత్రులారా, మనలో చాలామంది ఇళ్ళ దగ్గర ఇలాంటి ప్రశ్నలు మన కోసం కాచుకుని ఉన్నాయి. బోరు మోటారో, నూర్పిడి యంత్రమో, పడవ ఇంజనో. సెలవులకు పోయినప్పుడు అడిగించుకోండి. జవాబు చెప్పే ముందు, పోయినసారి ఆగింది దేనికని ఒక్కమాట మీరూ అడగండి.